వాళ్ల కథను వాళ్లే నటించి చూపిస్తే అది డాక్యుమెంటరీయేనా? ఎడిటింగ్‌లో ఆగిపోయాం

#1 ఎడిటింగ్‌గది

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. ఇప్పుడు ఒక చిక్కులో పడ్డాం, అనుభవం ఉన్నవాళ్లు దారి చెప్పాలి.

మూతపడిన ఒక ఫ్యాక్టరీ కార్మికుల మీద రెండేళ్లుగా డాక్యుమెంటరీ తీస్తున్నాం. రావలసిన జీతాల కోసం వాళ్లు చేస్తున్న పోరాటమే కథ. మేం నలుగురం, నలుగురమూ వాళ్ల పక్షమే. ఆ సంగతి సినిమాలోనూ దాచడం లేదు. గేటు మూసిన రోజు ఏం జరిగిందో చూపే ఫుటేజ్ ఎవరి దగ్గరా లేదు. ఆ రోజు ఫోన్లు బయటే పెట్టించారట. ఇంటర్వ్యూలైతే గంటల కొద్దీ ఉన్నాయి. కానీ కోర్టులో, యూనియన్ మీటింగుల్లో, విలేకరుల ముందు అదే కథ చెప్పీ చెప్పీ వాళ్ల మాటలు అరిగిపోయాయి. ఎవర్ని కదిపినా అవే వాక్యాలు, అదే వరసలో.

ఒక సాయంత్రం వాళ్లలో ఒకాయన విసుగొచ్చి, "ఎన్నిసార్లు చెప్పమంటారు? చేసి చూపిస్తాం, తీసుకోండి" అన్నాడు. పక్కనే ఖాళీగా ఉన్న షెడ్డులో చేశారు. ఒక ఫిట్టర్ మేనేజరయ్యాడు. ఎవరిదో తెల్లచొక్కా అడిగి వేసుకున్నాడు. మొదట అందరూ నవ్వారు. అతను నోటీసు చదవడం మొదలుపెట్టాక నవ్వు ఆగిపోయింది. మధ్యలో ఒకామె పిల్లల ఫీజుల సంగతి ఎత్తితే అతను కాగితం మీంచి తలెత్తకుండా, "కనేటప్పుడు నన్నడిగి కన్నారా?" అన్నాడు. షెడ్డులో ఎవరూ కదల్లేదు. తర్వాత తెలిసింది, ఆ మాట మేనేజర్ నిజంగా అన్నదే. రెండేళ్లలో ఒక్క ఇంటర్వ్యూలోనూ ఎవరూ మాకు చెప్పలేదు. పడిన మాట కదా, సొంత నోటితో ఎలా చెబుతారు.

ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, ఈ సీను సినిమాలో ఉండకూడదని మా కెమెరామన్ పట్టు. ఒక్క సీను నటన అని తెలిస్తే మిగతా గంటన్నరా కట్టుకథే అంటారని, ఆ మాట ముందుగా కంపెనీ వకీలే అంటాడని అతని భయం. రెండు, ఆ ఫిట్టర్. షూటింగ్ అయ్యాక తోటివాళ్లు అతన్ని సరదాగా 'మేనేజరుగారూ' అని పిలవడం మొదలెట్టారు. ఒకసారి నాకు ఫోన్ చేసి ఆ సీను తీసేయమన్నాడు. మర్నాడు తనే మళ్లీ ఫోన్ చేసి ఉంచేయండన్నాడు. ఆ గొంతు మాత్రం ఉంచమన్నట్టు లేదు.

ఏం చేయాలి?

#2 పాతరీలు

మీ కెమెరామన్ భయం అర్థమవుతుంది. దాని వెనక ఒక అపోహ ఉంది. ఒకప్పుడు డాక్యుమెంటరీలో నటన ఉండేది కాదనీ, మనమే ఇప్పుడు కల్తీ చేస్తున్నామనీ. అలాంటి కాలం ఎప్పుడూ లేదండీ. 1922లో ఫ్లాహర్టీ కెనడా ఉత్తరాన మంచు ప్రాంతపు ఇన్యూట్ జనం మీద తీసిన 'నానూక్ ఆఫ్ ద నార్త్' లేకుండా డాక్యుమెంటరీ పాఠం మొదలుకాదు. అందులో నానూక్‌గా కనిపించే మనిషి అసలు పేరు అల్లకరియల్లక్. ఇగ్లూ లోపల వెలుతురు చాలక ఒక పక్క తెరిచి ఉన్న ఇగ్లూ కట్టించి అందులో పడుకోబెట్టి తీశారు. అప్పటికే తుపాకీ వాడుతున్న మనుషుల చేత పాత పద్ధతిలో ఈటెలతో వేటాడించారు. నా దృష్టిలో అక్కడ తప్పు నటింపజేయడం కాదు. వాళ్లు ఆ రోజున బతుకుతున్న బతుకును తెర మీంచి తుడిచేయడం.

ఇంకో ఉదాహరణ, పీటర్ వాట్కిన్స్ 'ద వార్ గేమ్'. బ్రిటన్ మీద అణుబాంబు పడితే ఏమవుతుందన్నది విషయం. జరగని సంఘటన, మామూలు జనం చేత వేయించిన వేషాలు. తీయించిన బీబీసీయే ప్రసారం ఆపేసింది, 1985 దాకా టీవీలో రాలేదు. ఈలోగా 1967లో దానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ వచ్చింది.

కాబట్టి మీ మొదటి ప్రశ్న మీద నిద్ర చెడగొట్టుకోకండి. రెండోదే అసలైనది.

#3 గొంతెత్తు

పాతరీలు గారూ, ఆస్కార్ సంగతి కోర్టు మెట్ల మీద పనికిరాదండీ. పదేళ్లుగా ఉద్యమంలో వీడియోలు తీస్తున్నదాన్ని. ఒరిజినల్ ఫైలు, తారీఖు, సమయం, ఎవరు తీశారు, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లింది, అన్నీ రాసి దాచుకుంటాం. అంత జాగ్రత్తపడినా ఎదుటివాళ్లు మొదట అనేది 'ఇదంతా నాటకం' అనే. అలాంటిది మనమే లోపల నాటకం పెట్టి ఇస్తే?

పెద్ద కంపెనీల ప్రతినిధులమని వేషం వేసి వాటి గుట్టు రట్టు చేసే యెస్ మెన్ బృందం చేసింది గుర్తుందా? 2004 డిసెంబర్ 3, భోపాల్ విషవాయువుకు ఇరవయ్యేళ్లయిన రోజు. వాళ్లలో ఒకరు, యూనియన్ కార్బైడ్‌ను కొన్న డౌ కెమికల్ ప్రతినిధినని చెప్పుకుని బీబీసీ వరల్డ్ ప్రత్యక్ష ప్రసారంలో కూర్చున్నాడు. బాధ్యత మొత్తం మాదే, బాధితులకు 12 బిలియన్ డాలర్లు ఇస్తాం అని ప్రకటించాడు. డౌ షేరు పడిపోయింది, సుమారు 2 బిలియన్ డాలర్ల విలువ కాసేపు ఎగిరిపోయింది. 2009లో తమ డాక్యుమెంటరీలో ఆ ఘట్టం పెట్టారు. హాల్లో చప్పట్లు మోగుతుంటే నాకు మాత్రం ఆ కాస్త సేపూ నిజంగా డబ్బొస్తుందని నమ్మిన భోపాల్ మనుషులే కనిపిస్తారు.

#4 కట్‌పాయింట్

గొంతెత్తు గారూ, ఆ సినిమాలోనే వాళ్లు భోపాల్ వెళ్లి అక్కడివాళ్లను ఆ మాట అడుగుతారు. ముందు ఆశపడి తర్వాత కుంగిపోయాం, అయినా మా గోడు మళ్లీ ప్రపంచం విన్నది కదా అన్న జవాబు వస్తుంది.

నేను ఎడిటర్‌ని, నాకు అందులో కనిపించేది ఇంకొకటి. అసలు ఘట్టం ఆ అబద్ధపు ప్రకటన కాదు, దాని తర్వాత వచ్చిన ఖండన. ప్రకటన మాది కాదు, అలాంటి పరిహారమేమీ లేదు అని కంపెనీ తన నోటితో ప్రపంచమంతా వినేలా చెప్పాల్సి వచ్చింది. ఇరవయ్యేళ్ల మౌనం లోంచి ఆ ఒక్క మాట రాబట్టింది వేషమే. కొన్ని నిజాలు అడిగితే రావు, ఎదుటివాడి ముందు ఒక పాత్ర నిలబెడితే వస్తాయి. మీ షెడ్డులో ఫిట్టర్ నోట వచ్చిన మాట అలాంటిదే.

#5 గొంతెత్తు

తర్వాత వెళ్లి అడగడం వేరు, ముందు అడగడం వేరు. 'మీ పేరు మీద ఇలా చేస్తున్నాం, ఒక గంట మీకు అబద్ధపు ఆశ పుడుతుంది, సరేనా' అని ముందు రోజు అడిగారా? అడిగితే గుట్టు బయటపడుతుంది, నాటకం సాగదు. అదే నా బాధ. ఇలాంటి పనిలో ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లనే చీకట్లో ఉంచాల్సి వస్తుంది.

#6 వీధిఅరుగు

నేను సినిమా మనిషిని కాదు, వీధి నాటకాల మనిషిని. చాలా ఏళ్లు ఆడాం, దెబ్బలూ తిన్నాం. ఎడిటింగ్‌గది గారు రాసింది చదివాక ఒక మాట చెప్పాలనిపించింది.

1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో జన నాట్య మంచ్ అనే వీధి నాటక బృందం వాళ్లు 'హల్లా బోల్' ఆడుతుండగా దాడి జరిగింది. సఫ్దర్ హాష్మీ మర్నాడు చనిపోయారు. రామ్ బహదూర్ అనే కార్మికుడు కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. జనవరి 4న, అంటే ఇంకా కన్నీళ్లు ఆరకముందే, సఫ్దర్ భార్య మలయశ్రీ హాష్మీ బృందంతో కలిసి అదే చోటికి వెళ్లి, ఆగిపోయిన నాటకాన్ని ఆడి పూర్తి చేశారు. ఆ రోజు అక్కడ ఆడింది ఉద్యమం గురించిన నాటకం అనగలమా? అక్కడ నిలబడి ఆడడమే ఉద్యమం. అలాంటి చోట కెమెరా ఉంటే అది నటనను తీసినట్టా, నిజాన్ని తీసినట్టా? రెంటినీ విడదీసే గీత నాకు కనపడదు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ సాయంత్రం వాళ్లు చేసింది మీ కెమెరా కోసమా, వాళ్ల కోసమా? వాళ్ల కోసమే అయితే మీరు తీయాల్సింది గేటు మూసిన రోజును కాదు. ఆ రోజును మళ్లీ చేతుల్లోకి తీసుకుంటున్న ఈ రోజును. చొక్కా ఎవరిచ్చారు, మేనేజర్ వేషం ఎందరు వద్దన్నారు, మొదట ఎందుకు నవ్వారు, ఎప్పుడు ఆగారు, ఇవన్నీ ఉంటే దాన్ని కట్టుకథ అనడం ఎవరి తరమూ కాదు. జరిగిన నాటకాన్ని జరిగినట్టే చూపిస్తున్నారు కదా.

ఇంకొకటి. మేనేజర్ వేషం ఒక్కడి మీదే ఎందుకు వదిలేశారు? మా దగ్గర దుర్మార్గుడి వేషం ఎవరూ వరసగా వేయరు, తిప్పుతాం. లేకపోతే ఆ వేషం మనిషికి అంటుకుంటుంది. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ పద్ధతిలో చూసేవాడు మధ్యలో 'ఆపు' అని లోపలికొచ్చి పాత్ర తీసుకుని కథ తిప్పొచ్చు. ఆ మాట పడినామెను అడగండి, ఈసారి ఏం జవాబిస్తుందో. ఇవ్వాలనుకుంటేనే సుమా.

#7 కట్‌పాయింట్

వేషం తిప్పడం మీద వీధిఅరుగు గారి మాటకు సినిమాలోనే తోడు ఉంది. 1984 జూన్ 18న ఇంగ్లండ్‌లోని ఆర్గ్రీవ్ దగ్గర సమ్మెలో ఉన్న గని కార్మికుల మీద పోలీసులు గుర్రాలతో విరుచుకుపడ్డారు. 2001లో జెరెమీ డెల్లర్ అనే కళాకారుడు ఆ ఘర్షణను మళ్లీ చేయించాడు, మైక్ ఫిగిస్ దాన్ని డాక్యుమెంటరీగా తీశాడు. 800 మంది దాకా చారిత్రక యుద్ధాలు ఆడి చూపే ఔత్సాహికులు, 200 మంది దాకా పాత గని కార్మికులు. ఆ కార్మికుల్లో కొందరు పోలీసు దుస్తులు వేసుకుని అటువైపు నిలబడ్డారు.

ఆర్గ్రీవ్ గురించి మీ కెమెరామన్‌కు ఇంకో సంగతి చెప్పండి. అక్కడ అసలు అబద్ధం నటన వల్ల రాలేదు, ఎడిటింగ్ వల్ల వచ్చింది. పోలీసులు దూసుకొచ్చాక రాళ్లు పడ్డాయని కార్మికులు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు. బీబీసీ వార్తల్లో ఆ వరస తలకిందులైంది, ముందు రాళ్లు, తర్వాత గుర్రాలు. అది పొరపాటున జరిగిందని సంస్థ ఏళ్ల తర్వాత ఒప్పుకుంది. 95 మంది మీద పెట్టిన కేసులు 1985లో కోర్టులో నిలవలేదు. ఆ వార్తల్లో ప్రతి షాటూ నిజమే. వరస మారింది, అంతే. నిజమైన ఫుటేజ్‌తో ఎంత అబద్ధం ఆడొచ్చో ఎడిటర్లందరికీ తెలుసు. తెలిసి కూడా నటన దగ్గరే ఎందుకు అంత ఉలిక్కిపడతామో నాకు అర్థం కాదు.

ఇక పని మాట. మీ టైమ్‌లైన్‌లో ఆ సీను ఎలా పెట్టాలంటే:

కింద 'ఇది నటన' అని అక్షరాలు వేసి చేతులు దులుపుకోవద్దు. ఆ అక్షరాలు రెండు సెకన్లకు మరుపున పడతాయి. అతుకు కనిపించేలా ఉంచండి. షెడ్డు షెడ్డులాగే ఉండాలి, ఫ్యాక్టరీ శబ్దాలు తెచ్చి కింద పరచొద్దు. నేపథ్య సంగీతం అసలొద్దు. నిజంగా జరిగిన రోజు ఫోటోలతో దాన్ని కలిపి కట్ చేయొద్దు. నిఘా కెమెరా చూసినట్టుగా రంగు మార్చడం, ఫ్రేమ్ వణికించడం లాంటివి చేశారో, అక్కడ మీ కెమెరామన్ చెప్పిందే నిజమవుతుంది.

వాట్కిన్సే 2000లో 'లా కమ్యూన్' తెచ్చాడు. 1871 నాటి ప్యారిస్ తిరుగుబాటు. నటులు కాని జనం 200 మందికి పైగా, పాడుబడిన ఒక ఫ్యాక్టరీలో 13 రోజుల షూటింగ్, 345 నిమిషాల సినిమా. 1871లో టీవీ విలేకరులు మైకు పట్టుకుని తిరుగుతుంటారు. వేషంలో ఉన్న మనిషి ఉన్నట్టుండి ఇప్పటి తన ఉద్యోగం గురించి, తన దేశం గురించి మాట్లాడతాడు. ఎవరూ మోసపోరు, అయినా ఒళ్లు జలదరిస్తుంది.

#8 నీలిగడప

చిన్న సందేహం. అందరూ జరిగినదాన్ని మళ్లీ చేసి చూపడం గురించే మాట్లాడుతున్నారు. ప్రదర్శన అంటే అదొక్కటేనా?

#9 పాతరీలు

కాదు, మంచి పని చేశారు అడిగి. 1989లో మార్లన్ రిగ్స్ 'టంగ్స్ అన్‌టైడ్' తీశాడు. నల్లజాతి స్వలింగ ప్రేమికుల జీవితం మీద 55 నిమిషాల సినిమా. ఇంటర్వ్యూలు పేర్చిన వ్యాసం కాదది. కవిత్వం, నాట్యం, చిటికెల సంజ్ఞలు, పాట, కెమెరా ముందు రిగ్స్ సొంత శరీరం. ఎయిడ్స్‌తో స్నేహితులు పోతున్నారు, తానూ ఆ వ్యాధితోనే ఉన్నాడు. వాదించడానికి బదులు గొంతు విప్పాడు. 1991లో ప్రభుత్వ నిధులతో నడిచే టీవీలో ప్రసారమవుతుందంటే చాలా స్టేషన్లు వేయనన్నాయి. 1992 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో సంప్రదాయవాద నేత ప్యాట్ బుకానన్ అందులోని దృశ్యాలను తన ప్రకటనలో వాడుకున్నాడు. 1994లో రిగ్స్ చనిపోయాడు. రాజకీయం ఎక్కడుందని అడిగితే, నోరు విప్పకూడని మనిషి లయబద్ధంగా నోరు విప్పడంలో ఉందంటాను.

ఇంకో రకం. 1992లో కోకో ఫస్కో, గియెర్మో గోమెజ్ పెన్యా ఒక బోనులో కూర్చుని, ఎవరికీ తెలియని ఒక దీవి నుంచి వచ్చిన ఆదివాసులమన్నట్టు నగరాల్లో ప్రదర్శన ఇచ్చారు. కొలంబస్ రాకకు 500 ఏళ్లని ఉత్సవాలు జరుగుతున్న సంవత్సరం. చూసి నవ్వుకుని ఆలోచిస్తారని వాళ్లనుకున్నారు, చాలామంది నిజమని నమ్మేశారు. మరుసటి ఏడాది వచ్చిన డాక్యుమెంటరీలో కెమెరా బోనులోకి చూసిన దానికంటే బోను ముందు నిలబడిన ముఖాల వైపు తిరిగినప్పుడే గుండె దడదడలాడుతుంది.

#10 గొంతెత్తు

సరే, మంచివాళ్ల ప్రదర్శనల గురించి చెప్పారు. హంతకుల సంగతి? 'ద యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' చూసి వారం రోజులు మనసు మనసులో లేదు. ఇండోనేషియాలో 1965-66లో లక్షల మందిని చంపారు. ఆ పని చేసినవాళ్లే హాలీవుడ్ సినిమాల ఫక్కీలో తమ హత్యలను నటించి చూపుతుంటే, పోయినవాళ్ల కుటుంబాలు ఏమైపోవాలి? వేదికా వాళ్లకే, లైటూ వాళ్లకేనా?

#11 పాతరీలు

మీ కోపంలో న్యాయం ఉంది, నేనూ చాలాకాలం ఆ వైపే ఉన్నాను. తర్వాత కొంచెం మారాను. ఆ హంతకుల్లో ఒకడైన అన్వర్ కాంగో మొదట మేడ మీద తీగతో ఎలా చంపేవాడో నవ్వుతూ చూపిస్తాడు. చివరికొచ్చేసరికి ఒక సీనులో తనే బాధితుడి వేషం వేస్తాడు. మెడకు తీగ చుట్టగానే ఇక సాగదు. పశ్చాత్తాపమా, అదీ నటనేనా అన్నది తేల్చలేం. నాకు ముఖ్యమైనది ఇంకొకటి. అక్కడ హంతకులు గెలిచారు, సినిమా తీసేనాటికి ఇంకా అధికారం నీడలోనే ఉన్నారు, ఎవరికీ దాచుకోవలసిన అవసరం లేకపోయింది. ఆ గొప్పల ప్రదర్శనే అక్కడి నిజం. అది తీయకపోతే ఆ రాజకీయం తెర మీదికి రాదు. క్రెడిట్స్ చూడండి, ఇండోనేషియా సిబ్బందిలో పేరు మీద పేరు 'అనామకుడు' అనే ఉంటుంది. పేరు పెట్టుకోలేని భయమే ఆ సినిమాకు సాక్ష్యం. అదే దర్శకుడు ఒపెన్‌హైమర్ 2014లో ఇటువైపు వచ్చి, అన్నను పోగొట్టుకున్న ఒక కళ్లద్దాల పరీక్షకుడు హంతకుల ఎదుట కూర్చుని ప్రశ్నించే సినిమా తీశాడు. మొదటిది ఒక్కటే ఉంటే మీ ఆరోపణకు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఈ విషయంలో నాకు అందరికంటే గురి కుదిరిన మనిషి కంబోడియా దర్శకుడు రితీ పాన్. 2003లో తీసిన 'ఎస్21'లో ఖ్మేర్ రూజ్ పాలనలో వేలమందిని హింసించి చంపిన టుయోల్ స్లెంగ్ జైలు పాత కాపలావాళ్లు ఖాళీ గదుల్లో అప్పటి తమ డ్యూటీ మళ్లీ చేస్తారు. తలుపు తీయడం, కసరడం, నీళ్ల గిన్నె పెట్టడం. మాటల్లో చెప్పమంటే 'మేం ఆజ్ఞలు పాటించాం' అంటారు. చేతులు కదిలేసరికి చేతులే అన్నీ చెబుతాయి. కాపలావాడు గదిలోకి వెళ్తాడు, కెమెరా మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. లోపల నేల మీద ఖైదీలు ఉండేవాళ్లు కదా, లోపలికి వెళితే వాళ్లను తొక్కినట్టే. కెమెరా ఆగిన ఆ ఒక్క అడుగులో నాకు రాజకీయం, మర్యాద రెండూ కనిపించాయి.

#12 మొదటిసారి

నేను ఈడ మొదటిసారి రాస్తున్న. సినిమా చదువు నాకు లేదు. ఒక డాక్యుమెంటరీల నేను ఉన్న. ఏ సినిమానో చెప్పను.

మా అన్న పనిల చనిపోయిండు. ఆ దినం నేను ఏం చేసిన్నో మళ్ల చేసి చూపియ్యమన్నరు. తీసినోళ్లు చెడ్డోళ్లు కాదు, మా తరఫునే ఉన్నరు. గేటు కాడి నుంచి ఉరికొచ్చి కూలబడాలె. మొదటిసారి నిజంగనే కూలబడ్డ. నాకేం యాది లేదు, అన్ననే కండ్ల ముంగట ఉన్నడు. లేచినంక, మైకుల ఏదో సప్పుడు వచ్చింది, ఇంకొక్కసారి అన్నరు. రెండోసారి చేసిన. అది నటన. సినిమాల పెట్టింది ఆ రెండోదే. చూసినోళ్లంత ఏడ్చిండ్రని చెప్పిండ్రు. నాకు మాత్రం మా అన్న సావును నేను అమ్ముకున్నట్టు అనిపిచ్చింది. మూడేండ్లయింది, ఇంక అట్లనే ఉన్నది.

సినిమా నాకు ఎవ్వరు చూపియ్యలేదు. ఎవరో ఫోన్ల ఒక ముక్క పంపితే బస్సుల కూసోని చూసిన.

ఫిట్టర్ అన్న ఉంచుమన్నడు గానీ గొంతుల లేదు అని రాసిండ్రు కదా. ఆ గొంతునే వినుండ్రి. మేం కాదనలేం. మీరు మా కోసం ఎండల తిరిగిండ్రు, మాతోని తిన్నరు, ఎట్ల కాదంటం?

#13 వీధిఅరుగు

తమ్ముడూ, రాసినందుకు దండం. నువ్వేమీ అమ్ముకోలేదు.

#14 ఎడిటింగ్‌గది

రెండు రోజులుగా ఇక్కడికి వచ్చి చదివి వెళ్లిపోతున్నాను, రాయడానికి చెయ్యి రాలేదు. మేమూ ఆ సీను రెండు టేకులు తీశాం. రెండో టేకు ఎందుకు తీశామంటే మొదటిదాంట్లో బూమ్ మైకు నీడ పడింది.

ఇప్పుడు మొదటి టేకే పెడుతున్నాం, నీడతో సహా. అది మాత్రం తేలిపోయింది. మిగతాదే తేలలేదు.

#15 నీలిగడప

'ఫోర్ డాటర్స్' ఎవరైనా చూశారా? 2023, ట్యునీషియా దర్శకురాలు కౌతర్ బెన్ హనియా. ఓల్ఫా అనే తల్లి, నలుగురు కూతుళ్లు. ఇద్దరు ఇల్లు వదిలి లిబియాలో తీవ్రవాదుల్లో కలిశారు. ఆ ఇద్దరి చోట నటీమణులు, మిగిలిన ఇద్దరు కూతుళ్లూ నిజంగా వాళ్లే. తల్లి తట్టుకోలేని సీన్లలో హింద్ సబ్రీ అనే నటి ఆమె స్థానంలో నిలబడుతుంది. తల్లి పక్కనే ఉండి 'నేనలా అనలేదు' అని దిద్దుతుంటుంది. మగ పాత్రలన్నీ ఒకే నటుడు వేస్తాడు. ఒక చోట కూతురు తన మీద జరిగిన ఘోరం గురించిన సీను చేస్తుంటే ఆ నటుడే ఇక నావల్ల కాదని షూటింగ్ ఆపించేస్తాడు. అమ్మాయి మాత్రం నేను చెప్పగలను అంటుంది. ఆ ఆగిపోవడాన్ని కూడా సినిమాలో ఉంచారు.

అప్పట్నుంచీ ఇలాంటి ఏ సినిమా చూసినా నేను వెతికేది అదే. ఎవరైనా 'ఆపండి' అన్నారా? అన్నప్పుడు కెమెరా ఏం చేసింది?

#16 కట్‌పాయింట్

దానికి తోడుగా రాబర్ట్ గ్రీన్ 'ప్రొసెషన్', 2021. చిన్నప్పుడు చర్చి గురువుల చేతిలో లైంగిక హింసకు గురైన ఆరుగురు మగవాళ్లు. ఎవరి సీను వాళ్లే రాసుకుని, ఎక్కడ తీయాలో వాళ్లే తేల్చుకుంటారు. ఒకరి సీనులో మరొకరు వేషం వేస్తారు, తమను హింసించినవాళ్ల లాంటి గురువుల వేషం కూడా. నాటక చికిత్స తెలిసిన నిపుణురాలు మొదట్నుంచీ చివరిదాకా పక్కన ఉంటుంది. అంతకుముందు 2018లో ఇతనే 'బిస్బీ 17' తీశాడు. 1917 జూలై 12న అరిజోనాలోని ఆ గనుల పట్టణంలో సమ్మె చేసిన దాదాపు 1,200 మందిని పశువుల రైలు పెట్టెల్లో కుక్కి ఎడారిలో దింపి వచ్చారు. వందేళ్ల తర్వాత ఆ ఊరివాళ్లే దాన్ని మళ్లీ ఆడతారు. వాళ్ల తాత తన సొంత సోదరుణ్ని పట్టి రైలెక్కించిన ఘట్టాన్ని ఇద్దరు అన్నదమ్ములు చేసి చూపిస్తారు.

ఎడిటింగ్‌గది గారూ, మీ నిర్మాణ ఖర్చులో అలాంటి నిపుణులకు డబ్బు ఉండకపోవచ్చు. అయినా తీసేటప్పుడు ఎవరో ఒకరు కెమెరా వెనక కాకుండా మనిషి పక్కన ఉండాలి. సీను బాగా రావాలన్న ఆశ లేని మనిషి.

#17 గొంతెత్తు

డబ్బు మాట వచ్చింది కాబట్టి అదీ తేల్చండి. సాక్ష్యానికి డబ్బివ్వకూడదంటారు, కొన్నట్టవుతుందని. నటనకు డబ్బివ్వాలి, అది పని. మరి తన బతుకును తానే నటించినవాడికి? న్యూయార్క్ డ్రాగ్ ప్రదర్శకుల మీద తీసిన 'ప్యారిస్ ఈజ్ బర్నింగ్' 1990లో వచ్చి బాగా ఆడాక అందులో కనిపించినవాళ్లు తమ వాటా అడిగారు. చివరికి 13 మందికి కలిపి 55 వేల డాలర్ల దాకా పంచారు. వాళ్లు పేద కళాకారులు, తెర మీద వెలిగింది వాళ్లే. మీ సినిమా ఎక్కడైనా అమ్ముడైతే ఆ కార్మికులకు ఏం దక్కుతుందో ఇప్పుడే కాగితం మీద పెట్టండి. తర్వాత ఇస్తే దానం అంటారు, ముందు రాస్తే హక్కు.

నేను మొదట అన్న దాంట్లో ఒకటి మార్చుకుంటున్నాను. కోర్టు కోసం తీసే వీడియో వేరు, ఇది వేరు. రెండూ ఒక ఫోల్డర్లో ఉండకూడదన్నంత వరకే నా పట్టు. గేటు మూసిన రోజు గురించి వాళ్లు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలాలను ఈ సీనుతో ఎక్కడా కలపకండి. వకీలుతో మాట్లాడాకే బయట పెట్టండి, కేసు నడుస్తోంది కదా.

#18 పాతరీలు

ఇదంతా చదివాక నాకు 1961 నాటి 'క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్' చివరి భాగం గుర్తొస్తోంది. జాన్ రూష్, ఎడ్గార్ మొరాన్ తాము తీసినదాన్ని అందులో ఉన్నవాళ్లకే వేసి చూపిస్తారు. కొందరు ఇదంతా కృత్రిమం అంటారు, కొందరు ఇంత బట్టబయలు కావడం సిగ్గుమాలినతనం అంటారు. నాజీ శిబిరం నుంచి బతికి వచ్చిన మార్సెలీన్ వీధిలో ఒంటరిగా నడుస్తూ తండ్రిని తలుచుకునే దృశ్యం ఉంది. అది నటనా, నిజమా అని దర్శకులిద్దరూ మ్యూజియంలో అటూ ఇటూ నడుస్తూ మాట్లాడుకుంటారు. ఆ గొడవ మొత్తం సినిమాలో ఉంచేశారు.

ముందు వాళ్లకు చూపించండి. ఫెస్టివల్‌కు పంపాక కాదు, ఎడిటింగ్ ముగించి లాక్ చేశాక కాదు. మార్చడానికి వీలున్నప్పుడు.

#19 వీధిఅరుగు

చూపించేటప్పుడు మధ్యలో ఆపండి కూడా. 1968లో సొలానాస్, గెటీనో అర్జెంటీనా సైనిక పాలనలో 'ది అవర్ ఆఫ్ ద ఫర్నేసెస్'ను రహస్యంగా వేసేటప్పుడు సినిమా ఆపి జనాన్ని మాట్లాడించేవాళ్లు. ప్రొజెక్టర్ ఆగిన ఆ పది నిమిషాలే అసలు సినిమా అని వాళ్ల నమ్మకం. వచ్చిన ప్రతివాడూ పట్టుబడే ప్రమాదానికి సిద్ధపడే వచ్చాడు, ఇంక వాణ్ని ప్రేక్షకుడని ఎలా అంటాం?

#20 ఎడిటింగ్‌గది

చాలా రోజులకు రాస్తున్నాను. మొన్న ఆదివారం రఫ్ కట్, అంటే ఇంకా పూర్తికాని కూర్పు, చూపించాం, అదే షెడ్డులో, గోడ మీద తెల్లగుడ్డ కట్టి. నలభై మంది దాకా వచ్చారు. ఫిట్టర్‌కు ముందురోజే విడిగా చూపించాం. తీసేయమంటే అక్కడికక్కడే తీసేస్తాం, కారణం చెప్పక్కర్లేదు అని చెప్పి, ల్యాప్‌టాప్ అతని ముందు పెట్టి మేం బయటికి వచ్చేశాం. మొదటిసారి గారు చెప్పిన మాటే మనసులో ఉంది. ఎదురుగా మేముంటే అతను కాదనలేడు.

అరగంట తర్వాత బయటికొచ్చాడు. సీను ఉండనివ్వండి, కానీ నేను మేనేజర్ని కాదని తెలియాలి అన్నాడు. పేరు వేస్తాం, కింద రాస్తాం అన్నాం. అది కాదు, నేను చొక్కా వేసుకుంటున్నది ఉందా మీ దగ్గర అని అడిగాడు.

ఆదివారం మాట పడినామె కూడా వచ్చింది. ఆ సీను దగ్గర ఆపాం. జవాబు ఇస్తావా అని ఎవరో అడిగితే, ఇప్పుడు కాదు, కేసు అయ్యాక ఇస్తా అంది. కెమెరా అప్పుడు ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేయలేదు.

వకీలు చూశారు, రెండు చోట్ల మాటలు తీయమన్నారు, తీశాం. డబ్బు సంగతి కాగితం మీద పెట్టాం, యూనియన్ తరఫున ఇద్దరు, మా తరఫున ఇద్దరు సంతకాలు చేశారు. మా కెమెరామన్ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

చొక్కా షాటు కోసం రషెస్ అంతా, అంటే తీసిన ముడి ఫుటేజ్ మొత్తం, వెతికాం. రికార్డింగ్ మొదలెట్టామో లేదో చూసుకోవడానికి తీసిన పదకొండు సెకన్లు దొరికాయి. ఫోకస్ లేదు, సగం ఫ్రేమ్ గోడే. అతను వీపు ఇటు పెట్టి గుండీలు పెట్టుకుంటుంటాడు, చొక్కా భుజాల దగ్గర బిగుతు, ఎవరో వెనకనుంచి కాలర్ సరిచేస్తారు. ఆ చెయ్యి ఎవరిదో ఇంకా తెలియలేదు, వచ్చే ఆదివారం వెళ్లి అడుగుతాం. సీను అక్కణ్నుంచే మొదలవుతుంది.